అండమాన్‌లో ఉప్పు చూసి వచ్చాను

అండమాన్ వెళ్ళొచ్చానంటే అందరూ మొదట అడిగేది జైలు చూశావా అని. చూడలేదు. తెల్ల ఇసక బీచి? అదీ చూడలేదు. అడుగున గాజు వేసిన పడవలో కూర్చుని పగడాలు చూడలేదా? లేదు, లేదు. మరి ఏం చూశావయ్యా అంటే, ఉప్పు చూశాను. అది కూడా సరిగ్గా చూడలేదు. దాని సంగతే చెబుతాను.

ముందు నేను వెళ్ళిన పని చెప్పాలి. విశాఖలో మేం నలుగురు స్నేహితులం ఉద్యోగాలు చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని 'అలజాడ' అని ఒక యాప్ రాశాం. ఏ రేవులో నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో, ఎంత లోతుంటాయో నెట్ లేకపోయినా చెబుతుంది. చేపల వేటకి వెళ్ళేవాళ్ళ కోసం చేసింది, ఉచితం. పైగా ఓపెన్ సోర్స్. అంటే మేం రాసిన ప్రోగ్రామంతా తెచ్చి వీధి అరుగు మీద పెట్టినట్టు. ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపచ్చు, మేం నచ్చకపోతే మొత్తం కాపీ చేసుకుని వేరే పేరుతో సొంతంగా నడుపుకోవచ్చు. బయటివాళ్ళు పంపిన దిద్దుబాటు తీసుకోవాలా వద్దా అని తేల్చేది మాత్రం మేం నలుగురమే. మమ్మల్ని కోర్ టీమ్ అంటారు. అంటారంటే, మేమే అనుకుంటాం.

మాకొక నియమం ఉంది. ఎవరు ఏ మార్పు పంపినా ఆదివారం సాయంత్రం మా వీడియో కాల్‌లో చర్చకి వస్తుంది. పంపినవాళ్ళు ఆ కాల్‌లో ఉండి మా ప్రశ్నలకి జవాబు చెప్పాలి. లేకపోతే వాయిదా. ఈ నియమం రాసింది నేనే. రాసిన రోజున ఎంత ప్రజాస్వామ్యంగా కుదిరిందో అని మురిసిపోయి మా ఆవిడకి చదివి వినిపించాను కూడా. ఆవిడ అప్పుడు బీన్స్ తరుగుతోంది.

పోర్ట్ బ్లెయిర్ నుంచి లావణ్య అనే ఆవిడ మాకు చాలా మార్పులు పంపేది. బడిలో కంప్యూటర్ టీచరు. దీవుల్లో ఉన్న రేవులన్నిటికీ విడివిడిగా పోటు లెక్కలు కట్టి పంపింది. ప్రతి ఆదివారం ఆవిడ లైను తెగిపోయేది. "హలో సార్, విని..." అనగానే ముఖం ముక్కలు ముక్కలై ఆగిపోయేది. మేం కాసేపు చూసి, వాయిదా అని రాసి, మూర్తి పంపిన మార్పులోకి వెళ్ళిపోయేవాళ్ళం. మూర్తి మాలో ఒకడు, కాలేజీ నుంచీ నా స్నేహితుడు. వాడి మార్పులకి "బాగుంది" అని రాయడానికి మాకు టీ చల్లారేంత సేపు కూడా పట్టేది కాదు.

వానాకాలంలో లావణ్య దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "సార్, దీవులవాళ్ళం విడిగా పెట్టుకుంటున్నాం. మీ లైసెన్స్ ఒప్పుకుంటుంది. కోపం లేదు." ఆ చివరి ముక్కే మమ్మల్ని తినేసింది. కోపం ఉంటే బతిమాలచ్చు, లేనివాళ్ళని ఏం చేస్తాం? ఆవిడ వెనకే భీమిలి అతనొకడు, కాకినాడ వాళ్ళు ఇద్దరు వెళ్ళిపోయారు. ఇలాగే సాగితే ఒకే సముద్రానికి రెండు యాప్‌లు, రెండు టైములు అవుతాయి. మా యాప్‌ని దిద్దేవాళ్ళు మేం నలుగురమే మిగులుతాం. అందులో ముగ్గురికి బీపీ.

"ఆ అమ్మాయిని కూడా కోర్‌లోకి తీసేసుకుందాం. నువ్వెళ్ళి మర్యాదగా చెప్పి తీసుకురా" అన్నాడు మూర్తి. ఛాతీ మీద 'కోర్ టీమ్' అని అచ్చేయించిన నల్ల టీషర్టు ఒకటి నాకిచ్చి పంపారు. ఆవిడ సైజు ఎవరికీ తెలీదు కాబట్టి మీడియం.

ఓడ మీద

విమానంలో అయితే ఇట్టే వెళ్ళిపోవచ్చు. కానీ సముద్రం యాప్ రాసినవాడు సముద్రం మీదే వెళ్ళాలి కదా అని విశాఖలోనే ఓడెక్కాను. అంతవరకూ నేను సముద్రం మీదికి వెళ్ళిందే లేదు. పోటు గురించి సభల్లో మాట్లాడాను, కానీ అదంతా ఏసీ హాళ్ళలో. రేవు దాటేదాకా రైలింగ్ పట్టుకుని ఫోటోలు తీశాను. దాటాక రైలింగ్ ఒక్కటే పట్టుకున్నాను.

నా ఎదురు పడక అప్పలనాయుడు గారిది. పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్నాబాద్ అనే పేటలో పెయింట్లు, పైపులు అమ్మే కొట్టు ఉంది. వాళ్ళ నాన్న ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి కూలి పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడట. ఈయన అక్కడే పుట్టాడు.

"ఏటి భయ్యా, పెహలీ బారా? మొదటిసారా?" అన్నాడు నా అవస్థ చూసి.

తల ఊపాను. నోరు తెరవడం ప్రమాదం.

"పడుకోకండి, పడుకుంటే ఇంకా ఎక్కువైపోద్ది. పైకి రండి. దూరంగా చూస్తా ఉండండి, బస్, అంతే. ఈ అల్లం ముక్క బుగ్గనెట్టుకోండి."

పైకి తీసుకెళ్ళి నిలబెట్టాడు. కాస్త తేరుకున్నాక, ఏం పని చేస్తారు అని అడిగాడు. సముద్రానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ అన్నాను. ఆయన నా ముఖం వైపు ఒకసారి, సముద్రం వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. నవ్వనందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

"మాకూ ఒకటుంది, సూడండి" అని ఫోన్ తీశాడు. "మా లావణ్య దీదీ వాళ్ళు పెట్టారు. ఏక్‌దమ్ పక్కా. దీనికి ముందర ఇంకోటి ఉండేది, మెయిన్‌లాండోళ్ళది. అదంతా బుక్కు తెలుగు, మా పిల్లలకి చదవడమే రాదు. టైములు కూడా తేడా. బేకార్."

"అవును, విన్నాను" అన్నాను. ఆ బుక్కు తెలుగు నాదే. ఒక్కొక్క మాటకి నిఘంటువు వెతికి మరీ పెట్టాను.

ఇంకో సంగతి గమనించాను. మనం విశాఖలో కూర్చుని ఢిల్లీ వాళ్ళని, హైదరాబాద్ వాళ్ళని తిట్టుకుంటాం, మనకి వాళ్ళు దూరం. అప్పలనాయుడు గారి నోట 'మెయిన్‌లాండోళ్ళు' అన్న మాట సరిగ్గా అదే స్వరంలో వచ్చింది. అందులో నేనూ ఉన్నానని నాకు కొత్తగా తెలిసింది. మొదటిరోజు క్యాంటీన్ భోజనం వైపు చూడలేకపోయాను. మర్నాడు మాత్రం అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర రెండు పూటలదీ ఒకే పూట తిన్నాను.

డిగ్నాబాద్

అప్పలనాయుడు గారే తన కొట్టుకి దగ్గర్లో ఒక లాడ్జి చూపించారు. ఆ వీధిలో ఒక ఇల్లు తెలుగువాళ్ళది, పక్కది బెంగాలీ వాళ్ళది, ఆ పక్కది తమిళులది. మా ఊళ్ళో ఒక వీధికి ఒక కులం పేరు ఉంటుంది. ఇక్కడ ఎవరైనా ఎవరితోనైనా హిందీలో మొదలుపెడతారు, ఎదుటి మనిషి ముఖం చూసి భాష మారుస్తారు. అప్పలనాయుడు గారు కొట్టులో బేరం హిందీలో చేస్తూ, మధ్యలో లోపలికి తిరిగి "ఏయ్, పసుపు రంగు డబ్బా ఎక్కడెట్టావే" అని భార్యని తెలుగులో కేకేసి, మళ్ళీ హిందీలోకి వచ్చేస్తారు. ఊపిరి కూడా తీసుకోరు.

బజార్లో టమాటా ధర అడిగాను. అలవాటు కొద్దీ పక్కనే ఉన్న కోనాం చేప ధరా అడిగాను. రెండూ బాగా దగ్గర్లో ఉన్నాయి. కూరగాయలు చాలావరకు ఓడెక్కి రావాలి, చేప మాత్రం ఇంటి ముందు దొరుకుతుంది. ఇక్కడ చుట్టాలొస్తే పప్పుచారు పెట్టి గొప్ప చేసుకోవచ్చు.

సాయంత్రం టీ తాగుదామని బయటికొస్తే అప్పటికే చీకటి పడిపోయింది. గడియారం మనదే కానీ సూర్యుడు మనవాడు కాదు, ముందే వచ్చి ముందే వెళ్ళిపోతాడు. ఆ చీకట్లో నిలబడి లావణ్యకి ఫోన్ చేశాను. మాట్లాడనని అంటే ఏం చెప్పాలో ఓడలోనే తయారుచేసుకున్నాను.

"అరే సార్, ఒచ్చేసారా! మీరు ఓడలో వస్తన్నారని తెలిస్తే జెట్టీకి నేనే వద్దును కదా. రేపు హోప్ టౌన్ రండి. మా అత్త వాళ్ళ ఊరు, హార్బర్‌కి అవతల పక్క. భోజనాలున్నాయి, మా వాళ్ళందరూ ఉంటారు."

తయారుచేసుకున్నదంతా వృథా అయిపోయింది.

హోప్ టౌన్ మెట్లు

మర్నాడు పొద్దున్నే మా అలజాడ తెరిచి చూశాను. ఆ వేళకి నిండు పోటు అని చూపించింది. అంటే నీళ్ళు పైదాకా ఉంటాయి, బోటు జెట్టీకి సమానంగా నిలబడుతుంది, గుమ్మం దాటినట్టు దాటేయచ్చు. అందుకని కొత్త బూట్లు వేసుకున్నాను.

హోప్ టౌన్‌లో బోటు ఆగేసరికి నీళ్ళు ఎక్కడో కిందున్నాయి. పాచిపట్టిన మెట్లు బయటపడి ఉన్నాయి. మా యాప్‌లో దీవులకి విడిగా లెక్క లేదు, విశాఖ లెక్కనే కాస్త అటూ ఇటూ జరిపి చూపిస్తుంది. సరైన లెక్క లావణ్య పంపిన మార్పులో ఉంది. ఆ మార్పు వాయిదాలో ఉంది. ఈ మూడు ముక్కలూ నాకు ఒకేసారి తట్టాయి, కాకపోతే అప్పటికి నేను గాల్లో ఉన్నాను.

నడుము లోతు నీళ్ళలో పడ్డాను. బోటు అతను చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగాడు. "సాబ్, పానీ నీచే హై, దేఖ్‌కే ఉతర్నా" అన్నాడు. నీళ్ళు కిందున్నాయి, చూసుకుని దిగాలట. సంచిలో ఉన్నవన్నీ తడిసిపోయాయి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఆ టీషర్టు తప్ప. ఇంకో దారి లేక అదే వేసుకున్నాను. మీడియం సైజు. 'కోర్' అన్న మాట నా ఛాతీ మీద బాగా వెడల్పుగా, దూరం నుంచి కూడా చదివేలా సాగింది.

జెట్టీ బయట లావణ్య నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. 

"మీ టీమ్ యూనిఫామా సార్? బాగుంది" అంది.

అది మీకు తెచ్చిందేనండీ అని ఎలా చెప్పను?

రమణమ్మ గారి పులుసు

వానలు తగ్గాక, బాగుచేసిన పడవలు మళ్ళీ నీళ్ళలోకి దించే ముందు ఆ ఊళ్ళో తెలుగు ఇళ్ళవాళ్ళు ఒడ్డున కలిసి వండుకుంటారు. లావణ్య మేనత్త రమణమ్మ గారు పెద్ద డేక్సాలో కోనాం చేపల పులుసు పెడుతున్నారు. దించే ముందు కొబ్బరిపాలు పోస్తారు. ఇది ఇక్కడికొచ్చాక నేర్చుకున్నదట. లావణ్యతో కలిసి పనిచేసే అన్వర్ కూడా వచ్చాడు. తుష్నాబాద్ అనే పల్లె నుంచి రోజూ బస్సులో పోర్ట్ బ్లెయిర్ వచ్చి కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు. తెలుగువాడు కాదు కానీ వీళ్ళతో తిరిగి తెలుగు పట్టుబడింది.

పులుసు ఉడుకుతుండగా రమణమ్మ గారు నన్ను కేకేశారు. "బాబూ, ఇలా రా. ఉప్పు సూడు."

నేనా అన్నాను.

"పొద్దున్నుంచీ పొయ్యి కాడున్నోళ్ళం, మా నాలికలు మొద్దుబారిపోతాయి. అందుకే మా కాడ ఉప్పు బయట్నుంచి ఒచ్చినోళ్ళే సూడాల. సగమే ఏసి ఉంచాను. ఇంకెంత ఎయ్యాలో నువ్వే సెప్పాల. నువ్వు సెప్పిందే ఆఖరు, మళ్ళీ మేం సూడం."

మా ఇళ్ళల్లో వండినవాళ్ళే చూస్తారు, లేదా వడ్డించేదాకా ఎవరూ చూడరు, ఎంగిలి అని. బయటివాడి చేత ఉప్పు చూపించడమంటే వండిన చేతిని అవమానించినట్టే. ఇక్కడ ఆవిడే గరిటె పట్టుకుని, నా అరచేతిలో పులుసు పోసి, ఎదురుగా నిలబడి నా నోటి వైపు చూస్తోంది. పులుసు చెయ్యి కాలుతోంది. చుట్టూ అందరూ ఆగి చూస్తున్నారు. నేను అరచెయ్యి పెదాల దాకా తీసుకెళ్ళి, ఇంకా నాలిక తగలకుండానే అనేశాను.

"అద్భుతం రమణమ్మ గారూ! సరిగ్గా సరిపోయింది."

"ఉప్పు సాలా?"

"చాలు."

"నిజంగా సాలా?"

"అసలు ఎక్కడా వంక పెట్టడానికి లేదు."

ఆవిడ ఉప్పు గిన్నె పక్కన పెట్టేసి డేక్సా మీద మూత వేసింది. చేతిలోది నేను ఇసకలో విదిల్చి చెయ్యి కడుక్కున్నాను.

పంక్తి కూర్చున్నారు. అందరూ ఒకేసారి మొదటి ముద్ద పెట్టుకున్నారు. ఒకేసారి ఆగారు. పులుసులో పులుపు ఉంది, కారం ఉంది, కొబ్బరిపాల తియ్యదనం ఉంది, ఉప్పు మాత్రం ఉందో లేదో అన్నట్టుంది. పంక్తి ఆ చివర్నుంచి ఒక ఉప్పు పళ్ళెం బయల్దేరి చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నా పక్కనున్న పెద్దాయన చిటికెడు వేసుకుని, "బీపీ ఉన్నోళ్ళకి ఇదే మంచిది లెండి" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు, అందుకే ఇంకా బాధేసింది.

లావణ్య మెల్లిగా అడిగింది. "సార్, మీరు నోట్లో పెట్టుకోకుండానే చెప్పేసారు కదా?"

"అవును."

"ఎందుకు?"

"పెద్దావిడ కదా. అందరి ముందూ తక్కువైందంటే ఏమనుకుంటారో అని."

"మూర్తి సార్ మార్పులకి కూడా ఇలాగే చెప్తారా?"

నేను ఇంకొంచెం అన్నం కావాలన్నాను.

బోర్లించిన పడవ పక్కన

భోజనాలయ్యాక లావణ్య, అన్వర్, నేను ఒక పడవ నీడలో కూర్చున్నాం. వచ్చిన పని చెప్పాలి కాబట్టి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"మిమ్మల్ని మా కోర్ టీమ్‌లోకి ఆహ్వానిస్తున్నాం లావణ్య గారూ." తడి ప్యాంటుతో, బొడ్డు దాకా రాని టీషర్టుతో ఇలాంటి ఆహ్వానం ఇంతకుముందు ఎవరైనా పలికారో లేదో నాకు తెలీదు.

ఆవిడ ముందు ఒకటి అడిగింది. "నేను లోపలికొచ్చాక ఆదివారం కాల్ ఉంటాదా సార్?"

"ఉంటుంది. మీరూ అందులో ఉంటారు, మాతో సమానంగా."

"మరి అన్వర్ ఏదైనా పంపితే?"

"అన్వర్ కాల్‌లోకి వచ్చి జవాబు చెప్పాలి."

"తుష్నాబాద్‌లో వాడింటి దగ్గర సిగ్నల్ రాదు. బస్టాపులో నిలబడాలి."

"మై ఖడా రహూంగా దీదీ" అన్నాడు అన్వర్. నిలబడతాను అన్నమాట. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "నిలబడతాను సార్. కానీ అక్కడ మీరు వింటారా?"

నేను టీషర్టు కిందికి లాక్కున్నాను.

"సూడండి సార్" అంది లావణ్య. "నేను లోపలికొచ్చి తలుపేసేసుకుంటే, బయట వీడు ఉండిపోతాడు. రేపు వీడు లోపలికొస్తే ఇంకొకరు. నాకు కోర్ వద్దు. ఏదైనా రాసి చెప్పండి. వద్దంటే వద్దని, ఎందుకు వద్దో అదీ రాయండి. నెట్ ఒచ్చినప్పుడు చదువుకుంటాం. మీ నలుగురు పంపే మార్పులు కూడా మాతో పాటు లైన్లో నిలబడాలి. ఇంతే. ఇది మీరు ఒప్పుకుంటే మాది మూసేసి మీ దాంట్లోకే ఒచ్చేస్తాం. సముద్రం ఒకటే కదా, రెండెందుకు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అడిగింది ఎంత చిన్నది! అక్కడికక్కడే మూర్తికి ఫోన్ కొట్టాను. అదృష్టం, కలిసింది.

"బాగానే ఉంది" అన్నాడు మూర్తి. "ఎవడో ముఖం తెలీనివాడు రాసి పంపిన లోతు మనం పెట్టేస్తాం. అది తప్పై పడవ రాళ్ళకి కొట్టుకుంటే అడిగేది ఎవర్ని? మనల్నే కదరా. మనిషిని చూడకుండా, మాట్లాడకుండా ఎలా నమ్ముతాం?"

మూర్తి చెడ్డవాడు కాదు. ఈ యాప్ కోసం వాడు పోగొట్టుకున్న సెలవులు నాకు తెలుసు. తుఫాను రోజుల్లో నిద్ర మానేసి కూర్చున్నది వాడే. వాడి మాట లావణ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ వాదించలేదు. "కరెక్టే సార్. మాకూ అయింది. మొన్నామధ్య ఒకాయన ఒక రేవు లోతు పంపితే, తెలిసినోడే కదా అని నేను చూడకుండా పెట్టేశాను. ఒక చిన్న డింగీ పడవ రాయి మీదికెక్కేసింది. మనుషులకేం కాలేదు. నాకు మాత్రం అన్నం సయించలేదు. అప్పట్నుంచి అత్త పద్ధతే పెట్టేసుకున్నాం. ఎవరు పంపినా సరే, దాంతో సంబంధం లేనోళ్ళు ఒకరు రేవుకెళ్ళి చూసి రావాలి. నేను పంపినా అంతే. మొహమాటం నహీ."

ఆ చివరి మాట అన్వర్‌ని చూసి అంది కానీ, అన్వర్ నన్ను చూశాడు.

"ఆదివారం కాల్‌లో నేనే ఈ ప్రతిపాదన పెడతాను" అన్నాను లేచి నిలబడి. "ఆ యాప్ మొదలుపెట్టింది నేను, ఆ నియమం రాసింది నేను. నా మాట కాదంటారా?" లేవగానే టీషర్టు ఇంకాస్త పైకి పోయింది.

ఆదివారం, మేడ మీద

ఆ ఆదివారం కాల్ కోసం డిగ్నాబాద్‌లో లావణ్య ఇంటికి వెళ్ళాను. నన్ను గదిలో కూర్చోబెడుతుందనుకున్నాను. మేడ మీదికి తీసుకెళ్ళింది. చీకటి, దోమలు. నీళ్ళ ట్యాంకు పక్క మూలలో ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది.

"ఇక్కడొక్క చోటే కొంచెం వస్తాది సార్. ఫోన్ ఇలా పైకెత్తి పట్టుకోండి. చెయ్యి దించితే పోద్ది."

విశాఖలో ఫ్యాను కింద కూర్చుని ఆవిడ ముఖం ముక్కలవడం చూసినప్పుడల్లా, ఈవిడకి శ్రద్ధ లేదు, మంచి కనెక్షన్ పెట్టించుకోదు అనుకునేవాణ్ణి. ఆవిడ ఇక్కడ చెయ్యెత్తి నిలబడి ఉండేదని నాకు తోచనే లేదు.

కాల్ కలిసింది. మూర్తి కనిపించాడు. వాడి వెనక ఫ్యాను కూడా కనిపించింది. "చెప్పరా ప్రసాదూ" అన్నాడు. 

"ఒక ప్రతిపాదన" అన్నాను. మూర్తి నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. చెయ్యి ఇంకా పైకెత్తాను. మూర్తి కదిలాడు. "...వినిపించ..." అని మళ్ళీ ఆగాడు. స్టూలెక్కాను. "వినిపిస్తోందా? రాసి చెప్పాలి! అందరికీ! రాసి!" అని అరిచాను. వీధంతా విన్నది, విశాఖ తప్ప. కింద కొట్టు మూస్తున్న అప్పలనాయుడు గారు తలెత్తి, "ఓ భయ్యా! దిగండి, దిగండి! ఏం కష్టమొచ్చినా మాట్లాడుకుందాం!" అని కేకేశారు.

కాసేపటికి ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. అక్షరాలకి సిగ్నల్ ఎప్పుడూ సరిపోతుంది. మా టీమ్ ఆదివారం తీర్మానాలు. మొదటిది: "నియమం మార్చాలన్న ప్రతిపాదన. ప్రతిపాదించినవారు కాల్‌లో లేరు. వాయిదా." రెండోది: "మూర్తి పంపిన మార్పు. బాగుంది."

లావణ్య నా పక్కనుంచి చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మొదటిసారి ఏడుపొస్తాది సార్. తర్వాత అలవాటైపోద్ది" అంది.

వచ్చే ఆదివారానికి నేను తిరుగు ఓడలో ఉంటాను, అక్కడ ఈ కాస్త సిగ్నల్ కూడా ఉండదు. ఆ మాటే అన్నాను. "అయితే మా దాంట్లో ఏదైనా రాసి పెట్టండి. కాల్ అక్కర్లేదు" అంది. లాడ్జికెళ్ళి కూర్చుని, వాళ్ళ యాప్‌లో లేని మా వైపు రేవుల లెక్కలన్నీ చేర్చి పంపాను. పదేళ్ళుగా నా సొంత లెక్కలు, వాటిలో తప్పు పట్టేదేముంటుంది అనుకుంటూ ఓడెక్కాను. ఈసారి అల్లం నేనే కొనుక్కున్నాను.

విశాఖ రేవు

ఓడ విశాఖ దగ్గరకొచ్చి ఫోన్‌కి ప్రాణం రాగానే రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి మా టీమ్‌ది. "ప్రతిపాదించినవారు మళ్ళీ లేరు. మళ్ళీ వాయిదా."

రెండోది అన్వర్ రాశాడు, హిందీ మాటలు తెలుగు లిపిలో కలిపి. నేను పంపిన లెక్కలు చూశాడట. తనకి మా రేవులు తెలీవు కాబట్టి, మమ్మల్ని వదిలేసి వాళ్ళతో చేరిన భీమిలి అతన్ని తెల్లవారకముందే రేవుకి పంపి నీళ్ళు చూసి రమ్మన్నాడట. భీమిలి లెక్క తేడా ఉంది. ఎక్కడ తేడానో, ఎందుకు వచ్చిందో వివరంగా రాసి, "మీకు సమ్మతమైతే దిద్ది పెడతాను సార్, శుక్రియా" అన్నాడు. కింద సాయం చేసినవాళ్ళ వరసలో ఆఖరున, వాడి పేరు తర్వాత, నా పేరు పెట్టాడు.

ఆ భీమిలి లెక్క మా యాప్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. నేను రాశాను, మూర్తి బాగుందన్నాడు. పదేళ్ళలో దాన్ని రేవుకి తీసుకెళ్ళి చూసినవాడు లేడు. ఓడ దిగి సూట్‌కేసు మీద కూర్చుని ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదివాను. నా కళ్ళు తడిశాయి. తప్పు దొరికినందుకు కాదు. నేను పంపినదాన్ని ఒకరు అంత శ్రద్ధగా చూశారని.

సమ్మతమే అని రాసి, మూర్తికి ఫోన్ చేశాను. ఇకమీదట కాల్‌కి రాను, రాసి పంపుతాను, చదివి జవాబు రాయండి అన్నాను.

"చదవడానికి ఎవడికిరా తీరిక? కాల్‌కి రా, మాట్లాడుకుందాం" అన్నాడు మూర్తి. "అవునూ, ఇంతకీ ఆ అమ్మాయి వస్తానందా?"

ఇంటికొచ్చాక చెబుతాను అని పెట్టేశాను. ఆ తర్వాత లావణ్యకి రాశాను.

"మీరు తిరిగి రావద్దు. మేమే ఒక్కొక్కళ్ళం వస్తాం. మూర్తి అందరికంటే ఆఖరున వస్తాడు. వాణ్ణి వాయిదా వెయ్యకండి."